బొగ్గుకంటె ముందు వెలికివచ్చిన వెల

ఆదిలాబాదు మండలమున బెల్లంపల్లి పరిసరములందు బొగ్గుబాయి త్రవ్వకము 1927 ప్రాంతమున మొదలయ్యెను. అంతవరకు అచ్చట టేకువనములును, వెదురుపొదలును, గోండుల, కొలాముల గూడెములును తప్ప పొగగొట్టము గాని ఇనుపపట్టా గాని లేదు. అయినను ఆ నేలపొరలయందలి బొగ్గుపై హక్కు అంతకు నలువది సంవత్సరములకు పూర్వమే, అనగా 1886 లో, ఇద్దరు ఆంగ్లేయులకు నిజాము ప్రభుత్వముచే దత్తమై, లండను వాటాల బజారున పది పౌన్ల తునకలుగా ఖండింపబడి, చేతులు మారి, వెల పెరిగి, కడకు బ్రిటిషు పార్లమెంటువారు ఒక విచారణసంఘమును నియమింపవలసినంత అపకీర్తికి కారణమయ్యెను.

హైదరాబాదు దక్కను కంపెనీ యను పేర నడచిన ఈ వ్యవహారము మన చరిత్రగ్రంథములలో సాధారణముగా రెండు మూడు పంక్తులతో ముగియును. సింగరేణి సంస్థ పుట్టుకను చెప్పునపుడు దీనిని ఒక తేదీగా పేర్కొని దాటిపోవుట పరిపాటి. నా దృష్టిలో అది చాలదు. భూమిలోని ద్రవ్యమునకుగల విలువ వేరు, ఆ ద్రవ్యముపై హక్కును తెలుపు కాగితమునకు బజారు కట్టు వెల వేరు. ఈ రెంటికి నడుమ ఎంత దూరముండునో, ఆ దూరమునే తమకు లాభముగా మార్చుకొను నేర్పు ఎట్టిదో, ఎవరు దానికి మూల్యము చెల్లింతురో తెలిసికొనగోరువారికి తెలుగునేలకు సంబంధించిన ఉదంతములలో ఇంతకంటె విశదమైనది నాకు కనబడలేదు.

ఈ సీమకు ఖనిజద్రవ్యము క్రొత్త కాదు. నిర్మల పట్టణము కత్తులకు ప్రసిద్ధి. ఆ సమీపమున దిమ్మదుర్తి కొండలనుండి ఇనుపరాయి తీయుచుండిరి. గోదావరికి ఆవల కోనసముద్రమున మూసలలో ఉక్కు కరగించు కొలుములు తరతరములుగా మండుచుండెను. 1820 ప్రాంతమున ఈ దేశమును కొలుచుచు వచ్చిన సర్వేబృందముతో తిరిగిన హెన్రీ వాయిసీ అను వైద్యుడు, భూగర్భశాస్త్రజ్ఞుడు, ఆ కొలుములను స్వయముగా చూచి వ్రాసిపెట్టెను. ఇస్ఫహాను నుండి వచ్చిన పారశీక వర్తకుడొకడు అచ్చటనే మకాముండి, దిమ్మల నాణ్యమును తానే పరీక్షించుకొని, మంచివి ఏరుకొని కొనుచుండెనని ఆ వ్రాతవలన తెలియుచున్నది. సరకు కంటియెదుట నుండగా, కరగించినవాడును కొనువాడును ముఖాముఖి నిలిచి, రాగి గాని వెండి గాని చేతిలో పెట్టి ముగించిన వ్యాపారమది. కొలుము పని చేసిన కమ్మరులు ధనికులై యుండిరని నేననుట లేదు. వారి కష్టమునకు తగిన ప్రతిఫలము దక్కెనో లేదో ఎవరును లెక్క వ్రాయలేదు. అయినను ఉక్కు పుట్టకముందే ఉక్కు పేర వెల కట్టించుకొని వెళ్లిన వాడెవడును ఆ కాలమున లేడు.

బొగ్గు కథ వేరుగా నడచెను. 1870 దశకపు ఆరంభమున భారత భూగర్భశాఖకు చెందిన విలియం కింగు, నేటి ఖమ్మం ప్రాంతమున యెల్లందు చెంతనున్న సింగరేణి గ్రామసమీపమున బొగ్గుపొరను కనుగొనెను. అతని పేర నేటికిని అచ్చటి గనులలో ఒక పొరను కింగు సీము అందురు. సింగరేణివద్ద బయటపడినది, గోదావరీ ప్రాణహితల లోయ వెంట వాయవ్యముగా కరీంనగరు, ఆదిలాబాదు మండలములను దాటి వార్ధా వైపు సాగిపోయిన గోండ్వానా శిలాపరంపరలో ఒక కొస మాత్రమే. ఆ పరంపర ఎంత విస్తారమో కింగునకు తెలియును; కాని బొగ్గు ఉన్నదని తెలియుట వేరు, దానిని బండ్లమీద గాక రైలుమీద బజారునకు చేర్చుట వేరు. 1874 లో వాడీ నుండి సికింద్రాబాదునకు రైలు వచ్చెను గాని, అచ్చటినుండి తూర్పునకు ఒక క్రోసు కూడ సాగలేదు.

ఆ మార్గమును ఓరుగల్లు వరకు పొడిగించి, అచ్చటినుండి ఒక శాఖను బెజవాడకును, మఱియొక శాఖను ఉత్తరముగా చాందాకును తీసికొనిపోవలెనని 1880 దశకారంభమున సంప్రదింపులు జరిగెను. చాందా శాఖ యనగా నాటి ఎలగందల, సిర్పూరు తాండూరు సీమల మీదుగా, అనగా ఉమ్మడి కరీంనగరు, ఆదిలాబాదు మండలముల నడిబొడ్డున సాగవలసిన మార్గము. లండను ధనికులు పెట్టుబడి పెట్టుట, నిజాము ఖజానా వారికి వడ్డీకి పూచీపడుట అను పద్ధతిపై ఆ ఒడంబడిక అల్లబడెను. పూచీ ఎంత కాలమో, ఎంత సొమ్మునకో, మార్గము నష్టపడినచో రైతు శిస్తునుండి ఎంత పోవునో ప్రజలకు తెలుపవలెనని 1883 లో హైదరాబాదు విద్యావంతులు కొందరు సభ చేసికొని అడిగిరి. వారిలో ముఖ్యుడు అక్కడి కళాశాలకు ప్రధానాచార్యుడైన అఘోరనాథ చట్టోపాధ్యాయుడు, సరోజినీదేవి తండ్రి. ఆ ప్రశ్నలకు ప్రభుత్వమిచ్చిన సమాధానము ఆయనను రాజ్యమునుండి వెడలగొట్టుట. చాందా రైలు ఆందోళన యని చరిత్రలో నిలిచిన ఆ ఘట్టమును నేను ఇచ్చట ప్రస్తావించుటకు కారణమున్నది. లెక్కలు అడిగినవాడు దండింపబడిన నగరమున, మూడేండ్లలోపుననే, లెక్కలు ఎవరును అడుగని ఒడంబడిక మఱియొకటి కుదిరెను.

ఆ మూడేండ్లలో హైదరాబాదు రాజ్యపు స్థితియు మారియుండెను. మూడు దశాబ్దములు దివానుగిరి నడిపిన సాలారుజంగు 1883 ఫిబ్రవరిలో హఠాత్తుగా మరణించెను. మరుసటి సంవత్సరము ఫిబ్రవరిలో, పదునెనిమిదేండ్లయినను నిండని మీర్ మహబూబ్ అలీఖానునకు వైస్రాయి రిప్పను ప్రభువు స్వయముగా వచ్చి అధికారములు ఒప్పగించెను. దివాను పదవి సాలారుజంగు కుమారుడు లాయఖ్ అలీకి దక్కెను; అతడును ఇరువది రెండేండ్లలోపువాడే. ఇట్టి సమయమున పరదేశీయ వర్తకులతో మాటలాడుట, లండను వెళ్లి పత్రములు కుదుర్చుకొని వచ్చుట అనుభవజ్ఞులైన ఒకరిద్దరు ఉద్యోగుల చేతిలో పడెను. వారిలో ప్రముఖుడు సర్దారు దిలేరుల్ముల్కు బిరుదాంకితుడైన అబ్దుల్ హక్కు. రైలు ఒడంబడికయందును, తరువాత గనుల ఒడంబడికయందును నిజాము పక్షమున వ్యవహరించినవాడు ఆయనయే.

లండనులో ఆనాటి వాతావరణమును కూడ కొంత తెలిసికొనవలెను. పరిమిత బాధ్యతగల కంపెనీల చట్టము 1862 లో స్థిరపడిన తరువాత, గని పేరు చెప్పి వాటాలు అమ్ముట అక్కడ ఒక వృత్తియే అయ్యెను. 1880 ప్రాంతమున మలబారు దాపున వయనాడులో బంగారమున్నదని నలువది వరకు కంపెనీలు పుట్టి, లక్షలకొలది పౌన్లు పోగుచేసి, యంత్రములను కొండలమీదికి మోయించి, కొలది సంవత్సరములలోనే కూలిపోయెను. ఆ నష్టమును మరువకముందే మైసూరు రాజ్యమున కోలారు గనులలో, మూసివేయుటకు సిద్ధపడిన సమయమున, నిజముగానే బంగారుపొర దొరకెను. అంతవరకు ఎవరును చేతితో తాకని ఆ కంపెనీ వాటాకు ఒక్కసారిగా వెల పెరిగెను. కూలిన నలువదింటిని వదలి గెలిచిన ఒక్కదానినే జ్ఞప్తియందుంచుకొనుట సట్టాకోరుల మనస్తత్వము. అట్టి మనస్సులకు హైదరాబాదు అను పేరు వినబడినంతనే గోలకొండ వజ్రములు స్ఫురించుట సహజము. వజ్రములు, బంగారము, బొగ్గు, ఇనుము అన్నియు ఒక్క పత్రములో చేరినచో ఇక చెప్పవలసినదేమి?

1886 ఆరంభమున వాట్సను, స్టూవర్టు అను ఇద్దరు ఆంగ్లేయులకు నిజాము ప్రభుత్వము ఒసగిన పత్రము అట్టిదే. రాజ్యమంతట ఖనిజాన్వేషణ చేయుటకును, కనుగొన్న గనులను 99 సంవత్సరములు అనుభవించుటకును వారికి హక్కు లభించెను. ప్రతిగా వారు పది లక్షల పౌన్ల మూలధనముతో ఒక కంపెనీ స్థాపింపవలెను, ప్రభుత్వమునకు రాయల్టీ చెల్లింపవలెను. పది లక్షల పౌన్లనగా ఆ కాలమున కోటి రూపాయలకు మించిన మొత్తము. అంత ధనము వచ్చి సిర్పూరు అడవులలోను, యెల్లందు గుట్టలలోను, రాయచూరు సీమలోను గనులు త్రవ్వునని దివాను కచ్చేరి భావించినచో, ఆ భావన తప్పనుటకు పత్రములో ఆధారమేమియు లేదు. మూలధనమనగా చేతికి వచ్చు ధనమని సామాన్యబుద్ధి యెల్ల అర్థము చేసికొనును.

జరిగినది వేరు. పది పౌన్ల ముఖవిలువగల లక్ష వాటాలతో కంపెనీ ఏర్పడెను. ఆ లక్షలో 85,000 వాటాలను హక్కుపత్రము తెచ్చినందుకు ప్రతిఫలముగా, పూర్తిగా సొమ్ము చెల్లింపబడినవిగా లెక్కవ్రాసి, పత్రము సంపాదించినవారే పంచుకొనిరి. ఒక్క పౌను కూడ వారు పెట్టలేదు. మిగిలిన 15,000 వాటాలు మాత్రమే సొమ్మునకు జారీచేయబడెను. అనగా, నిజాము ఉచితముగా ఇచ్చిన ఒక సంతకమునకు, ఆ సంతకము సిరా ఆరకముందే, ఎనిమిదిన్నర లక్షల పౌన్ల వెల నిర్ణయించి, ఆ వెలను తమకు తామే చెల్లించుకొన్నట్లు వారు వ్రాసికొనిరి. గనిలో దిగవలసిన ధనము మొత్తములో నూటికి పదునైదు భాగములకు మించి ఉండుటకు అవకాశమే లేకపోయెను.

ఇంతవరకు జరిగినది స్వార్థమే గాని అసాధారణము కాదు. ఆ కాలపు గనుల కంపెనీలలో పత్రదారులు పెద్ద భాగమును ఉంచుకొనుట వాడుకయే. దీనిని సట్టాగా మార్చినది తరువాతి మెట్టు. లక్ష వాటాలలో ఎనుబదియైదు వేలు కొలదిమంది పిడికిలిలోనున్నప్పుడు, బజారులో తిరుగాడునవి బహుస్వల్పము. కొనువారు వందమంది వచ్చినను, వాటాలు పదే కనబడును. వెల పెరుగుట తప్పదు. పిడికిలిలోనున్న వారే ఒకరి చేతినుండి మఱియొకరి చేతికి కొంత మార్చి, హెచ్చు ధరకు అమ్మకము జరిగినట్లు చూపుటకును అడ్డులేదు. నూరు ఎడ్లుగల ఆసామి సంతకు మూడింటిని మాత్రమే తోలి, తన బంధువులచేతనే హెచ్చుపాట పాడించి, ఆ వెలను కొట్టములోని తొంబదియేడింటికిని వర్తింపజేసి తన సంపద లెక్కించినట్లు, ఇక్కడ కొన్ని వాటాల ధర మొత్తమునకు ధర అయ్యెను. వాటా పన్నెండు పౌన్లు పలికినదనుకొందము: ఒక్క పౌను పెట్టని వారి 85,000 వాటాలు పది లక్షల ఇరువది వేల పౌన్లగును. అవన్నియు ఒకేసారి బజారునకు వచ్చినచో రెండు పౌన్లకైనను కొనువారుందురా అను ప్రశ్న ఎవరికిని తట్టదు. తట్టకుండుటయే ఆ వెలకు పునాది.

కొనువారు దొరకవలెను గదా. దొరికినవారిలో అందరికంటె గొప్పవాడు నిజామే. కంపెనీలో ప్రభుత్వమునకును వాటాలుండుట మంచిదను వాదము హైదరాబాదున ప్రబలి, వేలకొలది వాటాలు ముఖవిలువకు మించిన వెలకు ఖజానా సొమ్ముతో కొనబడెను. బజారునుండి కొన్నట్లు చెప్పబడిన ఆ వాటాలు, నిజముగా, కొనుటకు నియుక్తుడైన అబ్దుల్ హక్కుకే పత్రదారులతో రహస్యముగా కుదిరిన భాగమునుండి వచ్చినవని తరువాత తేలెను. రాజ్యము తన భూగర్భమును ధర్మముగా ఇచ్చివేసి, అందులో ఒక తునకను రొక్కమిచ్చి తిరిగి కొనుక్కొనెను. అమ్మినవాడు రాజ్యపు సేవకుడే. ఈ కొనుగోలు మఱియొక విధముగా కూడ పనిచేసినది. స్వయముగా నిజాము ప్రభుత్వమే ఈ వాటాలు కొనుచున్నదను వార్తకంటె మించిన సాక్ష్యము లండను కొనుగోలుదారునకు ఏమి కావలెను? గని యజమాని కొనుచున్నాడు, అతనికి తెలియని రహస్యముండునా అని వారు తలచిరి. గనిగురించి యజమానికి తెలిసినది లండను పత్రికలలో వచ్చినదే. ఒకరి విశ్వాసమును చూచి మఱియొకరు విశ్వసించుట, ఆ రెండవవారి విశ్వాసమును చూచి మొదటివారు ధైర్యపడుట అను ఈ చక్రము తిరుగుచుండగా, బొగ్గు మాత్రము భూమిలోనే యుండెను.

1888 లో రహస్యము పొక్కెను. లండను పత్రికలు వ్రాసెను. కామన్సు సభలో ప్రశ్నలు పుట్టెను. సభవారు ప్రత్యేక విచారణసంఘమును ఏర్పరచిరి. అప్పటికి లాయఖ్ అలీ దిగిపోయి అస్మాన్జా దివాను అయియుండెను. నిజాము పక్షమున ఆ విచారణకు లండను వెళ్లినవారిలో మొహసినుల్ముల్కు మెహదీ అలీ ముఖ్యుడు. తరువాత అలీగఢు కళాశాలకు కార్యదర్శియై ఉత్తరదేశమున ప్రసిద్ధిచెందినవాడు ఆయనయే. అబ్దుల్ హక్కు ఉద్యోగమునుండి తొలగింపబడెను. ఎనుబదియైదు వేల వాటాల పంపకము, రహస్యభాగము, కొనుగోలు అన్నియు బహిరంగముగా ప్రశ్నోత్తరములలోనికి వచ్చెను. అయినను హక్కుపత్రము రద్దు కాలేదు. ఒకసారి వాటాలు వందలమంది చేతులలో పడిన పిమ్మట, పత్రమును రద్దుచేసినచో నష్టపడువారు మోసము చేసినవారు కారు, వారివద్ద కొన్నవారు అను వాదము బలవత్తరమగును. మోసము ఎంత త్వరగా ఎంతమందికి పంచిపెట్టబడునో అంతగా అది రక్షింపబడును. ఈ ఉదంతమున నన్ను మిక్కిలి బాధించునది ఇదియే. దోషము నిరూపితమైనను, దోషఫలము మాత్రము స్థిరమయ్యెను.

ఇందొక విశేషమున్నది. వయనాడు బంగారమువలె సింగరేణి బొగ్గు కల్ల కాదు. 1889 నాటికి రైలు బెజవాడ చేరెను, డోర్నకలునుండి యెల్లందునకు శాఖ పడెను, బొగ్గు బండ్లకెక్కెను. పందొమ్మిదవ శతాబ్ది ముగియునప్పటికి సంవత్సరమునకు లక్షలకొలది టన్నులు బయటికి వచ్చుచు, దక్షిణదేశపు రైళ్లను, మిల్లులను నడపుచుండెను. బంగారము, వజ్రములు అను మాటలు మాత్రము అంత ఫలింపలేదు. రాయచూరు సీమలో హట్టి బంగారుగనులు కొంతకాలము సాగి ఆగిపోయెను. కృష్ణాతీరమున పరిటాల వజ్రాన్వేషణ ఖర్చులకు కూడ చాలలేదు. వాటాల వెల పెంచినవి వజ్రములు, బంగారము. కంపెనీని బ్రతికించినది, ఎవరును కలలు కనని బొగ్గు. ఈ కంపెనీ గురించి అసత్యము చెప్పినవారు కూడ, తమకు తెలియకయే, సత్యమైన వస్తువును గూర్చి చెప్పిరి.

కావున సట్టా అనగా లేనిదానిని అమ్ముట యని సాధారణముగా అనుకొనుట పొరపాటు. వస్తువు నిజమే కావచ్చును. ఆ వస్తువు ఎప్పుడు, ఎంత, ఎవరికి ఫలించునో తెలియకపోవుటయే సట్టాకు పంటచేను. ఈ మాటకు మఱియొక ఖండమునుండి ఒక సాక్ష్యము. ధ్వనిని ఆకాశమార్గమున పంపు విద్య క్రొత్తగా ఇండ్లలో ప్రవేశించుచున్న కాలమున, న్యూయార్కులో రేడియో కార్పొరేషన్ ఆఫ్ అమెరికా వాటా 1928 ఒక్క సంవత్సరములో 85 డాలర్లనుండి 420 డాలర్లకు ఎగబ్రాకెను. అప్పటివరకు ఆ కంపెనీ తన సాధారణ వాటాదారులకు ఒక్క డాలరు లాభాంశము పంచియెరుగదు. 1929 మార్చిలో మైకేల్ మీహన్ అను దళారి నాయకత్వమున ఒక కూటమి చేరి, తమలో తాము కొనుచు అమ్ముచు బజారునకు ఉత్సాహము కలిగించి, వెల పెరిగినపుడు పరులకు అంటగట్టి, కొలది దినములలోనే ఇంచుమించు 50 లక్షల డాలర్లు లాభము తీసెను. రేడియో అసత్యమా? దానికంటె సత్యమైన యంత్రము ఆ దశాబ్దమున మఱియొకటి లేదు. అయినను ఆ సంవత్సరాంతమున బజారు కూలినపుడు హెచ్చు వెలకు కొన్నవారిని రేడియోయొక్క సత్యము రక్షింపలేదు. నేడును, ఒకటి రెండు పేటెంట్లు, ఒక న్యాయస్థానపు వ్యాజ్యము, ఒక పెద్ద సంస్థ తమ ధ్వనియంత్రమును తీసికొనునను ఆశ తప్ప వేరు ఆస్తి లేని చిన్న కంపెనీల వాటాలపై పందెములు కాయువారు, దక్కను కంపెనీ వాటాదారుల వంశమువారే. పేటెంటైనను గనిహక్కైనను, ప్రభుత్వము ఇచ్చిన పత్రమే; దానిలోని లాభము ఇంకను భూమిలోనో భవిష్యత్తులోనో ఉన్నదే.

న్యూయార్కులో రేడియో వాటాలు కూలిన ఆ 1929 లోనే కాజీపేటనుండి బల్లార్షా వరకు రైలుమార్గము పూర్తియై, మదరాసు ఢిల్లీల నడుమ సూటిదారి ఏర్పడెను. 1883 లో చాందా శాఖ పేర ఊహింపబడి, దానిని గూర్చి ప్రశ్నించినవారిని దేశాంతరము పంపిన మార్గము నలువదియారేండ్లకు ఈ విధముగా నెరవేరెను. బెల్లంపల్లి బొగ్గు ఆ రైలును ఆశ్రయించియే పైకి వచ్చెను. ఈ జాప్యమునకు అడవి, గోదావరి, మలేరియా, యుద్ధము మొదలగు అనేక కారణములు చెప్పవచ్చును. నేను వాటిని త్రోసిపుచ్చను. కాని మూలధనములో నూటికి ఎనుబదియైదు భాగములు కాగితముగానే మిగిలిపోయిన కంపెనీ, దొరకిన యెల్లందు బొగ్గును అమ్ముకొనుటకే పరిమితమై, ఉత్తరపు పొరలను పరీక్షించుటకు తొందరపడకుండుటలో ఆశ్చర్యమేమి? ఆ పది లక్షల పౌన్లు నిజముగా వచ్చి ఎలగందల, సిర్పూరు సీమలలో దిగియుండినచో, ఈ ప్రాంతపు చరిత్ర ఒక తరము ముందే మలుపు తిరిగియుండెడిదని నా నమ్మకము.

మలుపు అందరికి మేలే చేసియుండునని కూడ నేను చెప్పజాలను. బొగ్గుబాయి వచ్చినచోట కరీంనగరు పల్లెలనుండి భూమిలేని కూలీలు వచ్చి తట్టలెత్తిరి, బొగ్గు తవ్విరి, టబ్బులు నెట్టిరి. వారికి పల్లెలో దొరకని కూలి దొరకెను, పల్లెలో లేని ప్రమాదములును దొరకెను. అడవులలోని గోండులకు ఆ పాటి మార్పిడియు లేదు. రక్షితారణ్యముల పేర, గుత్తల పేర వారి పోడుభూములు కుదించుకుపోయినవి. 1940 లో జోడేఘాటు కొండలపై కొమురం భీము ప్రాణమిచ్చిన పోరాటమునకు వెనుకనున్న బాధ అదియే. ఆ అడవుల వెదురే, అదే కాలమున, మఱియొక కంపెనీకి ముడిసరకయ్యెను. 1938 లో స్థాపితమై 1942 లో కాగితము తీయసాగిన సిర్పూరు పేపరు మిల్లు, కొత్తపేట యను పల్లెను కాగజునగరముగా మార్చెను. ఈ మిల్లు కథ దక్కను కంపెనీ కథకు తలక్రిందు. ఇక్కడ వాటాల సొమ్ము ముందు వచ్చెను, గోడలు లేచెను, యంత్రములు తిరిగెను, వేలమంది బ్రతికిరి. కష్టము చాల కాలమునకు గాని రాలేదు. 2014 లో మిల్లు ఆగిపోయి, దివాలా న్యాయస్థానము ద్వారా 2018 లో జె.కె. పేపరు వారి చేతికి పోయినపుడు, అప్పులవారి తరువాత గాని పాత వాటాదారు మొర వినబడదను చట్టము కాగజునగరు వాసులకు అనుభవపూర్వకముగా తెలిసెను. నాలుగేండ్లు జీతములేక కూర్చున్న కార్మికుల కష్టము ఎదుట వాటాదారు నష్టము చిన్నదే యనిపించును.

దక్కను కంపెనీ తుదకు ఏమయ్యెనో చెప్పవలెను. 1920 డిసెంబరులో హైదరాబాదు కంపెనీల చట్టము క్రింద సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడి, లండను కంపెనీ ఆస్తులను, అప్పులను తాను స్వీకరించెను. మదరాసునకు చెందిన బెస్టు అండ్ కంపెనీ కార్యదర్శులుగా, అమ్మకపు ఏజెంట్లుగా వ్యవహరించెను. గనుల కేంద్రము క్రమముగా యెల్లందునుండి కొత్తగూడెమునకు, ఉత్తరమున బెల్లంపల్లి, మందమర్రి, రామగుండములకు వ్యాపించెను. హైదరాబాదున వాటాల బజారు 1943 లో వెలసెను. అంతవరకు బొంబాయి, లండను ధరలను పత్రికలలో చదువుకొనిన నగరపు ధనికులకు తమ ఊరనే బేరమాడు వసతి కలిగెను. నిజాము ప్రభుత్వము 1945 లో సింగరేణి వాటాలలో అధికభాగమును కొనివేసెను.

అదే ప్రభుత్వము, అదే బొగ్గునకు సంబంధించిన వాటాలను, రెండవసారి కొనుట అది. మొదటిసారి కొన్నప్పుడు హెచ్చు వెల ఇచ్చి, అధికారము పొందక, ఎవరి భాగమును కొనుచున్నదో కూడ ఎరుగకుండెను. రెండవసారి కంపెనీని నడపుటకు చాలినన్ని వాటాలు కొనెను. యుద్ధకాలమున బొగ్గు లేనిదే మిల్లు లేదు, రైలు లేదు అని అప్పటికి అందరికి తెలిసియుండెను; ఎంత బొగ్గు ఏ బాయినుండి వచ్చుచున్నదో పుస్తకములలో ఉండెను; వెలను పుకార్లు నిర్ణయింపవలసిన అగత్యము లేకుండెను. 1949 వరకు హైదరాబాదు కన్‌స్ట్రక్షన్ కంపెనీ, అటుపిమ్మట ప్రభుత్వపు పారిశ్రామిక నిధి సంస్థ దాని నిర్వహణ చూచెను. 1956 లో రాష్ట్రములు పునర్విభజింపబడినపుడు ఆ వాటాలు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకును, 2014 లో తెలంగాణ ప్రభుత్వమునకును సంక్రమించెను. నేడు నూటికి 51 పాళ్లు తెలంగాణ రాష్ట్రమునకు, 49 పాళ్లు కేంద్రప్రభుత్వమునకు చెంది, చిల్లరగా మిగిలిన అతి స్వల్పభాగము తప్ప బయటివారి చేతిలో ఏమియు లేదు.